కుంగిన ఇల్లు

లోతుగా త్రవ్వి బండమీద పునాది వేసిన మనుష్యుని గూర్చి లూకా సువార్త 6వ అధ్యాయంలో ఎన్నోసార్లు విన్నారు. అతడు ఇల్లు కట్టబోయేవాడు. మరి ఎవరో ఏనాడో మెత్తని నేలమీద కట్టిన ఇంట్లో ఈనాడు కాపురముంటున్నవారి సంగతేమిటి?

అమెరికాలో మన తెలుగువారు చాలామంది స్థిరపడిన డాలస్ ప్రాంతంలో అలాంటి పాత ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడి నేల మన నల్లరేగడివంటిదే. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. ఆ ఇళ్లకు నేలలో దిమ్మెలు, వాటిమీద కొయ్య దూలాలు, ఆపైన పలకల నేల. క్రింద మనిషి పాకుతూ వెళ్లేంత ఖాళీ. ఒక దిమ్మె కుంగిందా, తలుపు పట్టేస్తుంది, ద్వారబంధం మూలనుండి గోడ ఏటవాలుగా పగులుతుంది.

మీ పిల్లలు అక్కడ అలాంటి ఇల్లు కొన్నారా? ఈ మాట వారికి చెప్పండి: జాకీ చివరి పని. మొదట నీటి సంగతి చూడాలి. చూరు నీరు గోడ ప్రక్కనే పడుతోందా? స్నానాలగది గొట్టం కారుతోందా? గోడ చుట్టూ 10 అడుగుల దూరానికి నేల 6 అంగుళాలైనా వాలుగా ఉండాలి. ఇది వదిలేసి ఎంత ఎత్తినా మళ్లీ కుంగుతుంది.

తరువాత కొలత. మన మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు చాలు. ప్రతి మూలకు ఎంత తేడా ఉందో కాగితంమీద వ్రాసుకోవాలి. క్రిందికి వెళ్లి దూలాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. అది మెత్తగా దిగితే దూలం పుచ్చినట్టే. ముందు దాన్ని మార్చాలి.

ఇక ఎత్తడం. ఒక్కసారికి అంగుళంలో ఎనిమిదో వంతు, అంతే. ఆగాలి, ఇల్లు చేసే చప్పుడు వినాలి. ఏళ్లతరబడి వంగిన కొయ్యను ఒక్కపూటలో సరిచేయబోతే గోడలు పగులుతాయి, గొట్టాలు విరుగుతాయి. సందులో ఉక్కు పలకలు దోపాలి, కొయ్య చీలికలైతే నలిగిపోతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రియులారా, కేవలం జాకీమీద నిలిచిన దూలం క్రిందికి ఎవ్వరూ దూరకూడదు. జాకీ జారితే ప్రాణం పోతుంది. ప్రక్కన బలమైన దుంగలు ఒక వరుసమీద మరొక వరుస అడ్డంగా వచ్చేలా పేర్చి ఆనిక పెట్టాకే చేయి పెట్టాలి. ఈ పని తెలిసినవారిని పిలిపించుకుంటే ఇంకా మంచిది.

పాత ఇల్లు నూటికి నూరుపాళ్లు మట్టానికి రావాలని పట్టుపట్టనక్కరలేదు. తలుపులు పడి, పగుళ్లు పెరగకపోతే చాలు. వెంటనే సున్నం వేయించకండి. కొన్ని నెలలు ఆగి, మళ్లీ ట్యూబు పెట్టి, ఆ పాత కాగితం ప్రక్కన పెట్టుకొని చూడమనండి.