పాఠశాలకు లెక్క వ్రాయుట యెట్లు?



కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున గణదాసుడు, హరదత్తుడు అను ఇరువురు నాట్యాచార్యులు తమలో నెవరధికులని కలహింతురు. తీర్పరియైన పరివ్రాజిక కౌశికి, తాను నేర్చినవాడు, పరులకు నేర్పగలవాడు వేరువేరనియు, రెండును గలవాడే ఆచార్యులలో మేటి యనియు చెప్పును. కావున శిష్యురాలి ప్రదర్శనమే పరీక్ష యయ్యెను. శిష్యురాలు మందమతియైనచో దోషము గురువుదా యని రాణి ధారిణి శంకించినది. అనర్హులను చేర్చుకొనుటయు గురువు అవివేకమే యని సభలో సమాధానము వచ్చెను. (ఆ పరీక్ష యంతయు రాజు మాళవికను చూచుటకై విదూషకుడు పన్నిన పన్నాగమన్నది వేరు సంగతి. పరీక్ష పెట్టువారి ఉద్దేశమునుగూడ కనిపెట్టియుండవలెను.)

ఆస్థానగురువు శిష్యుని ఏరుకొనవచ్చును. పల్లెబడి పంతులు ఏరుకొనరాదు. ఇంట అక్షరమెరిగిన వారెవరును లేని బిడ్డయు, గొడ్లను తోలి ఆలస్యముగా వచ్చు బిడ్డయు ఆయనవారే.

ఈ భేదమును మరచి బడులను తూచినచో ఏమగునో ఇంగ్లండు చూపినది. 1862లో అచట రాబర్ట్ లో అను విద్యావ్యవహారముల బాధ్యుడు పాఠశాలల గ్రాంటును పరీక్షాఫలితములకు ముడిపెట్టెను. చదువుట, వ్రాయుట, లెక్కలలో బిడ్డ ఏ యొక్కటి తప్పినను బడికి 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ప్రజాధనమునకు లెక్క అడుగుట న్యాయమే. కాని బోధన ఆ మూడింటికే కుదించుకొనిపోయెను. పిల్లలు వాచకమును కంఠస్థము చేసి, అక్షరములు చూడకయే అప్పజెప్పజొచ్చిరి. పాఠశాలల పరీక్షాధికారియు కవియునైన మాథ్యూ ఆర్నల్డు దీనిని గట్టిగా నిరసించెను. అయినను ఆ పద్ధతి 1890ల వరకు సాగెను. మన చెన్నరాజధానిలోను ఆ శతాబ్దమున బడులకు ఫలితములనుబట్టి గ్రాంటులిచ్చిరి.

అమెరికాలో 2002 నాటి చట్టము, 2014 నాటికి పిల్లలందరును చదువునందు, గణితమునందు నిర్ణీతస్థాయి నందుకొనవలెనని శాసించి, వెనుకబడిన బడులకు శిక్షలు విధించెను. 2011లో అట్లాంటా నగరమున 44 పాఠశాలలలో 178 మంది బోధకులు, ప్రధానోపాధ్యాయులు పరీక్షలలో మోసమునకు పాల్పడిరని విచారణలో తేలెను. వారిలో కొందరు పిల్లల తప్పుజవాబులను చెరిపి ఒప్పులు దిద్దిరి. 2015లో వేరొక చట్టము దాని స్థానమున వచ్చినది.

పాత నిల్వ చూపక ఆఖరు నిల్వ మాత్రము చూపిన చిట్టాను ఏ షాహుకారు ఒప్పుకొనును? జూనులో బిడ్డకెంత వచ్చునో వ్రాసికొని, ఏప్రిలులో మరల చూచినగదా పంతులు పని తెలియునది! అప్పుడును తొందర తగదు. పదిమంది గల తరగతిలో ఒక్క బిడ్డ జ్వరపడినను నూటికి పది తగ్గును. రెండు మూడేండ్ల లెక్క కలిపి చూడవలెను.

పైవారి పద్దును వ్రాయవలెను. 2009 విద్యాహక్కు చట్టము ప్రాథమిక తరగతులకు 30 మంది పిల్లలకొక ఉపాధ్యాయుని, త్రాగునీటిని, ప్రతి బడికి గ్రంథాలయమును నిర్దేశించినది. ప్రభుత్వ పాఠశాలలకు యాజమాన్య సంఘమును విధించి, అందు నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగము స్త్రీలు ఉండవలెనన్నది. పంతులు వేళకు వచ్చుచున్నాడా యని అడుగు సంఘమే, ఖాళీలేల నింపలేదని పైవారినిగూడ అడుగవలెను.

ఆ సంఘము కూడిననాడు, ఎందరు ప్యాసైరని మొదట అడుగనక్కరలేదు. గడచిన జూనులో వాచకము చదువలేని పిల్లలెందరు, వారిలో నేడు చదువగలవారెందరు అని అడుగవలెను. ఆ రెండంకెలను, పిల్లల పేర్లు లేకుండ, ఏటేట ఈ గ్రంథాలయపు గోడకు అంటింపవచ్చును.