పొరపాటు సోదా – గృహస్థుని కర్తవ్యము



పోలీసువారు పొరబడి యొకని యిల్లు సోదా చేసి, ఏమియు దొరకక మరలిపోయిరనుకొందము. వారు మఱతురు, వీధి మఱవదు. మన వడ్డేపల్లి వంటి యూరిలో పిల్ల పెండ్లిమాటలకు సైతము అది యడ్డు వచ్చును. కావున ఊరకుండుట తగదని మా మనవి.

పంచనామా నకలు అడిగి పుచ్చుకొనుడు. ఏమియు దొరకలేదను పంచుల సంతకమే వీధికి చూపదగిన సాక్ష్యము. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 185వ సెక్షను ననుసరించి, వారంటు లేక సోదా చేయు అధికారి కారణములను వ్రాసి, 48 గంటలలోపల మేజిస్ట్రేటునకు నకలు పంపవలెను. గృహస్థుడు దరఖాస్తు పెట్టుకొన్నచో అది యుచితముగా లభించును. పిమ్మట జిల్లా పోలీసు అధికారికిని, ఏడాది దాటకమునుపే రాష్ట్ర మానవ హక్కుల కమిషనుకును ఫిర్యాదు చేయుడు. వ్రాయనేరనివారికి మనలో చదువుకొన్నవారు వ్రాసిపెట్టుదురుగాక!