దస్తర్‌ఖాన్ దగ్గర మొదలయ్యే ఆరోగ్య హక్కు
(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో జరిగిన మధుమేహ అవగాహన సభలలో చేసిన ప్రసంగ పాఠం)



నేడు నేను మాట్లాడదలచినది మన వంటింటిని గురించి. హక్కుల సభలో ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు మధుమేహంతో జీవిస్తున్నారు. ఆటో నడిపే సోదరుని కాలు, కుట్టుపనితో ఇల్లు నడిపే సోదరి చూపు దెబ్బతింటే ఆ కుటుంబానికి జీవనాధారమే పోతుంది.

మా అమ్మీ జీవితమంతా అందరికీ వడ్డించి చివరన తినేది. ఖీమా, బోటీలు మగవారి పళ్ళాలలోకి పోయేవి. ఆమెకు మిగిలేది అన్నం, ఖట్టీ దాల్, సాలన్ అడుగున కొంచెం పులుసు. షుగరు ఉన్నదని తెలిసిన పిదప కూడా ఆ పద్ధతి మారలేదు. కాలి వేలు తీసివేయవలసి వచ్చిన తరువాతనే మేము ఆమె పళ్ళెం వంక చూశాము. ఆ తప్పు మాదే.

వండిన 100 గ్రాముల తెల్ల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మాంసంలో, చేపలో అది దాదాపు లేదు. గుడ్డులో ఎంతో స్వల్పం. అంటే మన వంటలలో చక్కెరను పెంచేది ముఖ్యంగా సాలన్ కాదు, దానితో తినే అన్నం, నాన్, మీఠా. లాహోర్, కరాచీ ఇళ్ళలోనూ ఇదే కథ. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 అంచనా ప్రకారం పాకిస్తాన్‌లో 3 కోట్ల 30 లక్షల వయోజనులకు ఈ వ్యాధి ఉన్నది. అక్కడి కడాయి గోష్త్‌కైనా, ఇక్కడి అంబాడా గోష్త్‌కైనా మార్గం ఒక్కటే.

పళ్ళెంలో సగం కూరగాయలు ఉండాలి. పావు భాగం మాంసం, గుడ్డు లేదా పప్పు. మిగిలిన పావు మాత్రమే అన్నం లేదా రొట్టె. మేథీ ఖీమా, పాలక్ గోష్త్, బీరకాయతో తురాయి గోష్త్, ఉదయం ఖాగీనా మనకు కొత్తవి కావు. షామీ కబాబ్‌లో శనగపప్పు తగ్గించి గుడ్డుతో కలపవచ్చు, పెనంపై కొద్ది నూనెతో కాల్చవచ్చు. ముందు కూర, మాంసం తిని అన్నం చివరన తింటే చక్కెర ఒక్కసారిగా పెరగదు.

ఒక హెచ్చరిక. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు వైద్యుని అడగకుండా అన్నం మానితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాంసం ఎంత తినాలో అడిగి తెలుసుకోవాలి. రంజాన్‌కు ముందే మందుల వేళలు మార్చుకోవాలి. ఉపవాసంలో చక్కెర 70కి దిగువకు పడినా, 300 దాటినా ఉపవాసం విరమించాలని వైద్యులు చెబుతున్నారు. రోగికి ఆ మినహాయింపును ఖురానే ఇచ్చింది.

ఇక హక్కు మాట. సాగర్ ఎడమ కాలువ నీటితో ఈ ప్రాంతం వరి సీమ అయింది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుగాంచింది. 2025 ఉగాది నాడు మన హుజూర్‌నగర్‌లోనే రేషన్ సన్నబియ్యం పథకం ప్రారంభమైంది. మనిషికి నెలకు 6 కిలోలు. ఆకలి తీర్చే ఆ పథకాన్ని స్వాగతిద్దాం. కాని పేదవానికి బియ్యం ఉచితం, మాంసం, గుడ్డు, కూరగాయలు కొనుగోలు. "అన్నం తగ్గించు" అనే సలహా అతనికి ఖర్చుతో కూడిన సలహా. 2013 ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలను కూడా పేర్కొన్నది. జొన్నలోనూ పిండిపదార్థం ఉన్నది, అయితే తెల్ల బియ్యం కంటే పీచు ఎక్కువ. కనుక కోరినవారికి జొన్నలు, వాటితో పాటు పప్పులు ఇవ్వాలని అడుగుదాం. మన బస్తీలలోనే నెలనెలా రక్తపరీక్షలు జరపాలని, ఆహార సూచనలు ఉర్దూలోనూ ఇవ్వాలని కోరుదాం.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మనం చేయగలిగినది ఒకటున్నది. ఈ రాత్రి దస్తర్‌ఖాన్ పరచినప్పుడు అమ్మను, భార్యను మనతో పాటు కూర్చోబెట్టుకుందాం. ఖీమా మొదట వారి పళ్ళెంలో వడ్డిద్దాం.