దీపమును, దాని పద్దును



1972లో బంకర్ రాయ్ గారు రాజస్థానమందలి తిలోనియా గ్రామమున బేర్‌ఫుట్ కళాశాలను నెలకొల్పిరి. అచ్చట అక్షరములు రాని పల్లెటూరి స్త్రీలు, అమ్మమ్మలు సైతము, ఆరుమాసములలో సౌరదీపములను అమర్చుటయు, బాగుచేయుటయు నేర్చిరి. ఆఫ్రికానుండి వచ్చినవారికి తీగెల రంగులు, చేతిసైగలే పెద్దబాలశిక్ష! పురుషులకు నేర్పినచో పట్టా పుచ్చుకొని పట్టణమునకు పోవుదురని రాయ్ గారి మాట, కాదనజాలము.

లెక్కలు వ్రాయు నాకు నచ్చినది వేరొకటి. ఇంటింట నెలనెల రుసుము వసూలుచేసి, అందుండి దీపములు చూచుకొను స్త్రీకి జీతమిత్తురు. రుసుము నిలిచిన ఊర బ్యాటరీ చచ్చి, సౌరఫలకము ఊరక ఎండుచుండును. మన పొదుపుసంఘముల స్త్రీలకు వసూలు క్రొత్తగాదు. కావున 1977 ఉప్పెన నెరిగిన ఈ తీరమున, తొలి ఫలకమును గ్రంథాలయముపై నిలిపి, మన ఊరి స్త్రీలనిద్దరను శిక్షణకు పంపవలెనని ప్రార్థన. వసూలు పుస్తకమును కుట్టి తెచ్చితిని.