విమానం మాట: పైన వినేది, కింద వినేది
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యుల్లో చాలామంది పిల్లలు విదేశాల్లో ఉన్నారు. వాళ్లు విమానం ఎక్కారంటే చాలు, ఇక్కడ మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో తల్లిదండ్రులు సెల్‌ఫోన్‌లో విమానం బొమ్మ చూస్తూ కూర్చుంటారు. సముద్రం మీదికి రాగానే ఆ బొమ్మ ఒక్కోసారి మాయమవుతుంది. ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు. విమానాల రేడియో విభాగంలో పనిచేసినవాణ్ణి గనుక దీన్ని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శిగారు.

విమానం తానెక్కడున్నదీ 1090 మెగాహెర్ట్జ్ మీద సెకనుకు సుమారు రెండుసార్లు చాటుతూనే ఉంటుంది. మన ఫోను దాన్ని నేరుగా వినదు. ఎక్కడో డాబాల మీద పెట్టిన రిసీవర్లు విని ఇంటర్నెట్‌లో పంపితేనే బొమ్మ కదులుతుంది. ఈ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, భూమి వంపు దాటి రావు. పది కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానమైనా నేల మీది రిసీవరుకు సుమారు 400 కిలోమీటర్ల లోపే అందుతుంది. నడిసముద్రంలో డాబా ఎక్కడుంది? విమానం చెబుతూనే ఉంది, వినేవాడే లేడు. 2019 నుంచి ఉపగ్రహాలూ వింటున్నాయి గాని, ఆ సమాచారం ఉచితంగా చూసే పటాలన్నిటిలోనూ రాదు.

పైలట్ సంగతి వేరు. అంత ఎత్తున రెండు విమానాలు 800 కిలోమీటర్ల ఎడంలో ఉన్నా మాట అందుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉంటే, మేడ్చల్ మీదుగా పోయే పైలట్‌కు చెన్నై మీది పైలట్ గొంతు కూడా వినపడవచ్చు. కింద శామీర్‌పేట గుట్టల చాటున ఒక రేడియో ఉందనుకుందాం. దానిలో పైలట్ చెప్పిన జవాబు వినపడుతుంది, శంషాబాద్ టవర్ అడిగిన ప్రశ్న వినపడకపోవచ్చు. పక్కింటివారు ఫోనులో మాట్లాడుతుంటే మనం విన్నట్టే! అలాగని అంతా వినపడటం మేలేమీ కాదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కీచుమనే చప్పుడే మిగులుతుంది.

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర రెండు విమానాలు గాలిలోనే ఢీకొని 349 మంది చనిపోయారు. ఆ తర్వాతే, దగ్గరికొచ్చే విమానాన్ని పసిగట్టి హెచ్చరించే యంత్రాన్ని మన దేశంలో తప్పనిసరి చేశారు. దానికి ఇంటర్నెట్టూ అక్కరలేదు, నేల మీది రిసీవరూ అక్కరలేదు. పక్క విమానాన్ని తానే అడుగుతుంది, జవాబు తానే వింటుంది. మీ ఫోనులో బొమ్మ పోయినప్పుడు కూడా కాక్‌పిట్‌లో అది పనిచేస్తూనే ఉంటుంది.

అన్నట్టు, హకీంపేట, దుండిగల్ వైమానిక దళ విమానాలు మన నెత్తిన హోరెత్తుతున్నా పటంలో కనిపించకపోవచ్చు. దానికీ కంగారు పడనక్కరలేదు.

బొమ్మ మాయమైతే విమాన సంస్థవారు ప్రకటించే రాక వేళ చూసుకోండి. దిగాక కూడా పిల్లలు ఇమిగ్రేషన్ వరుస దాటి, సామాను తీసుకుని ఫోను చేయటానికి గంటా గంటన్నర పట్టవచ్చు. ఈలోగా భోజనం చేసేయండి. సెలవు.