గంగ ఒడ్డున ఒక సాయంత్రం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోస్టింగు మీదో, పిల్లల పరీక్షలకో మనవాళ్ళు ఎవరో ఒకరు కలకత్తా వెళ్తూనే ఉంటారు. కాళీఘాట్, విక్టోరియా మెమోరియల్ చూసి, చీరలు కొనుక్కుని తిరిగొచ్చేస్తారు. హుగ్లీ నది ఒడ్డున ఒక సాయంత్రం గడపమని చెప్పడానికే నా ఈ నాలుగు మాటలు. పేరుకి హుగ్లీ గాని, అక్కడివాళ్ళకి అది గంగే.

హౌరా స్టేషన్ బయటే లాంచీల రేవు ఉంది. 2024 నుంచి నది కింద మెట్రో రైలు కూడా నడుస్తోంది. అయినా మీరు లాంచీయే ఎక్కండి. కదలగానే వెనక్కి తిరిగి చూస్తే హౌరా బ్రిడ్జి కనబడుతుంది. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగానే 1943 లో దాన్ని తెరిచారు. 26,500 టన్నుల ఉక్కు, అంతా రివెట్ల పనే, నట్లు బోల్టులు లేవు.

బాబూఘాట్ లో దిగండి. 1830 నాటి స్నానఘట్టం అది. రాణీ రాస్మణి భర్త బాబు రాజచంద్ర దాస్ పేరు మీద ఏర్పడింది. అక్కణ్ణించి నది కుడిచేతి వైపు ఉండేలా దక్షిణానికి నడవండి. ఎడమ పక్కన మన ఈస్టర్న్ కమాండ్ కోట. మనం ఫోర్ట్ విలియం అన్నదాన్నే ఇప్పుడు విజయ్ దుర్గ్ అంటున్నారు. దారిలో 1847 నాటి గ్వాలియర్ స్మారకం వస్తుంది. 1843 యుద్ధంలో మరాఠాల దగ్గర పట్టుకున్న ఫిరంగుల కంచుతో దాని పైభాగం పోతపోశారు.

తర్వాత ప్రిన్సెప్ ఘాట్. తెల్లటి స్తంభాల మండపం. జేమ్స్ ప్రిన్సెప్ టంకశాలలో పనిచేస్తూనే, 1837 లో అశోకుని శాసనాల బ్రాహ్మీ లిపిని చదివి చెప్పిన మనిషి. మన తెలుగు అక్షరాలకి మూలం కూడా ఆ బ్రాహ్మీయే, పిల్లలకి తప్పక చెప్పండి. ఇక్కడ నాటు పడవలు అద్దెకిస్తారు. రేటు ముందే మాట్లాడుకుని ఎక్కండి. సూర్యాస్తమయానికి 1992 లో తెరిచిన విద్యాసాగర్ సేతు తీగలు ఎర్రగా మెరుస్తాయి. దిగాక మట్టి ముంతలో టీ, మన మరమరాల మిక్చర్ లాంటి ఝాల్ ముడీ ఉండనే ఉన్నాయి.

చాలామంది ఇక్కడితో వెనక్కి తిరుగుతారు. నా అసలు మాట ఇక్కడే మొదలవుతుంది. దగ్గర్లోనే నేపియర్ రోడ్డులో గోపురంతో ఒక కట్టడం ఉంది. ఆ కోటలో మూడేళ్ళు పనిచేసి, బండిలో దాని పక్కనించే వెళ్తూ, అదేదో గుడి అనుకున్నాను. రిటైరయ్యాక మా అబ్బాయితో వెళ్ళినప్పుడు వాడు, "నాన్నా, ఇదేంటి?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. లోపలికెళ్ళి చదివితే తెలిసింది, అది లస్కర్ల స్మారకమని.

లస్కర్లంటే ఓడల్లో పనిచేసిన మనవాళ్ళు. బాయిలర్లకి బొగ్గు ఎగదోశారు, డెక్కులు కడిగారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అవిభక్త బెంగాల్, అస్సాం నించి వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్న 896 మంది జ్ఞాపకార్థం 1924 లో దాన్ని కట్టారు. నాలుగు వైపులా పాతకాలపు ఓడ ముక్కులు పొడుచుకొచ్చి ఉంటాయి. తర్వాత శిథిలమైతే, 1990ల్లో మన నేవీ వాళ్ళు బాగుచేయించారు. వాళ్ళకి ఈ సభ తరఫున సెల్యూట్.

లస్కరు అన్న మాట మనకి కొత్తది కాదు. కాలవల మీద లాకులు, తూములు చూసేవాణ్ణి మన పల్లెల్లో లస్కరు అనే అంటాం. సికింద్రాబాద్ ని పాతవాళ్ళు లష్కర్ అంటారు. దండు అని అర్థం. మాట దండుదే గాని, ఆ 896 మందికి చేతిలో తుపాకి లేదు. ఓడ మునిగితే, అడుగున బొగ్గు దగ్గరున్నవాడికి పైకొచ్చే టైము కూడా దొరకదు.

అందుకని నా మనవి ఒక్కటే. కలకత్తా వెళ్తే పడవ ఎక్కండి, టీ తాగండి, ఫొటోలు దిగండి. చివర్లో అయిదు నిమిషాలు ఆ గోపురం ముందు నిలబడండి. "ఇదేంటి?" అని మీ పిల్లవాడు అడిగితే, నాలాగా నీళ్ళు నమలకండి.

జైహింద్.