దండెం మీది బట్టలూ, అటకెక్కిన పాటలూ



ఇవాళ నేను మాట్లాడబోయేది ఊరగాయల గురించీ కాదు, పిల్లల టీకాల గురించీ కాదు. ఒక గ్రామఫోను రికార్డు గురించి. అదీ ఇంగ్లీషు రికార్డు, రాక్ సంగీతం. “ఆ గోల మనకెందుకండీ!” అంటారు కాబోలు. నేనూ అలాగే అన్నదాన్నే. మా అబ్బాయి గదిలో అది మోగుతుంటే తలుపు వేసుకోరా అని కేకలేసేదాన్ని. ఒకరోజు గది సర్దుతూ అట్ట మీది బొమ్మ చూశాను. ఓడో, వాయిద్యమో, యంత్రమో తేలని ఒక వింత కట్టడం, కలంతో గీసింది. గీసింది ఎవర్రా అంటే, ఆ బృందంలో డ్రమ్ములు వాయించే నిక్ మేసన్ అన్నాడు. అతను ఇళ్ళ నిర్మాణశాస్త్రం చదువుకున్నవాడట. అక్కణ్ణించి నాకూ ఆసక్తి పుట్టింది.

బృందం పేరు పింక్ ఫ్లాయిడ్. 1965లో లండన్‌లో మొదలైంది. రికార్డు పేరు ‘రెలిక్స్’. కింద చిన్న అక్షరాలతో, వింతైన పాత సామాన్ల సేకరణ అని అర్థం వచ్చే మాట వేశారు. 1971 మే నెలలో వచ్చింది. అంతకు ముందు ఏడాది వీళ్ళ రికార్డు ఒకటి ఇంగ్లండులో మొదటి స్థానానికి ఎక్కింది. తర్వాతది ఇంకా తయారు కాలేదు. కంపెనీవారు ఊరుకుంటారా? పాత పాటలు పదకొండు ఏరి, చవకరకం రికార్డులు వేసే తమ శాఖ మీద విడుదల చేశారు. మిగిలిన కూరముక్కలన్నీ కలిపి పులుసు పెట్టినట్టన్నమాట. అయితే ఆ పులుసు రుచిగానే కుదిరిందని ఒప్పుకోవాలి. పదకొండింటిలో ఆరు అంతకు ముందు ఇంగ్లండులో వీళ్ళ పెద్ద రికార్డుల్లో వేటిలోనూ లేనివి. అయిదు చిన్న రికార్డుల మీద వచ్చి మరుగున పడ్డవి, ఒకటి అసలు బయటికే రానిది. ఒక లోపం మాత్రం ఉంది. మొదటి రెండు చిన్న రికార్డుల పాటలు ఒకే స్పీకరుకి సరిపడా తయారైనవి. వాటిని రెండు స్పీకర్లలో వినిపించేలా కృత్రిమంగా మార్చారు. పాలల్లో నీళ్ళు కలిపినట్టు, చెవి ఇట్టే పట్టేస్తుంది.

ఇక అసలు సంగతి. మొదటి పాట ‘ఆర్నాల్డ్ లేన్’. 1967 మార్చిలో వచ్చిన వీళ్ళ తొలి రికార్డు. దేని గురించనుకున్నారు? దండెం మీద ఆరేసిన ఆడవాళ్ళ బట్టలు దొంగిలించే ఒక మగవాడి గురించి! నవ్వకండి. ఇది కేంబ్రిడ్జి ఊళ్ళో నిజంగా జరిగిన సంగతేనట. పాట రాసిన సిడ్ బారెట్ వాళ్ళమ్మ గారూ, అతని స్నేహితుడు రోజర్ వాటర్స్ వాళ్ళమ్మ గారూ చదువుకునే అమ్మాయిలకి ఇంట్లో గదులు అద్దెకిచ్చేవారు. పెరట్లో దండేల నిండా వాళ్ళ బట్టలే. ఎవడో వచ్చి ఎత్తుకుపోతూండేవాడు. ఆ ఇల్లాళ్ళు ఎంత విసుక్కున్నారో గాని, కొడుకు మాత్రం దాన్ని పాట చేశాడు. సముద్రం మీద ఓడలోంచి ప్రసారం చేసే రేడియో లండన్ అనే స్టేషను దాన్ని వెయ్యనంది. అయినా దేశంలో ఇరవయ్యో స్థానం దాకా వెళ్ళింది. ఆ వేసవిలోనే వచ్చిన ‘సీ ఎమిలీ ప్లే’ ఆరో స్థానం చేరింది. అప్పటికి సిడ్‌కి ఇరవై ఒక్క ఏళ్ళు.

ఈ రకం సంగీతాన్ని సైకెడెలిక్ అంటారు. కలలో నడిచినట్టుంటుంది. ధ్వనులు సాగిపోతాయి, వెనక్కి తిరుగుతాయి, ఉన్నట్టుండి గడియారాలూ గంటలూ మోగుతాయి. ఎల్.ఎస్.డి. అనే మత్తుమందు అనుభవాలతో ముడిపడ్డ సంగీతం అది. ముడిపడ్డది సంగీతమొక్కటే అయితే బాగుండేది. సిడ్ ఆ మందు విపరీతంగా పుచ్చుకున్నాడు. వేదిక మీద వాయించడం మానేసి నిలబడిపోయేవాడు. 1968 ఏప్రిల్‌కల్లా అతన్ని బృందం నుంచి తప్పించారు. అతని చోట్లోకి వచ్చింది కేంబ్రిడ్జి స్నేహితుడే, డేవిడ్ గిల్మర్.

నాకు తల్లి గుర్తొస్తుంది చూడండి. పేరు వినిఫ్రెడ్. భర్త డాక్టరు, 1961లో పోయారు. గదులు అద్దెకిచ్చి సంసారం నడిపింది. కొడుకు పేరు రేడియోలో వింది. తర్వాత ఆ కొడుకే చేతిలో డబ్బయిపోయి 1978లో ఇంటికొచ్చాడు. మళ్ళీ 1982లో లండన్ వెళ్ళి, అక్కణ్ణించి యాభై మైళ్ళు నడిచి వచ్చేశాడంటారు. తలుపు తీసిన తల్లి ఏమందో ఎవరూ రాయలేదు. అభిమానులు రాసిందంతా మేధావి పిచ్చివాడయ్యాడన్న కథే. వీధి గుమ్మం దగ్గర కాపేసి ఫొటోలు తీసేవాళ్ళట! పిచ్చిని అలంకారంలా వర్ణించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంట్లో అలాంటి మనిషిని పెట్టుకుని అన్నం పెట్టినవాళ్ళకి అందులో అందమేమీ కనబడదు.

ఆవిడ 1991లో పోయాక చెల్లెలు రోజ్‌మేరీ అతన్ని కనిపెట్టుకుని ఉంది. అతను తోటపని చేసుకునేవాడు, బొమ్మలు వేసేవాడు. పాట జోలికి మళ్ళీ పోలేదు.

మరి బతుకుతెరువు? అక్కడే ఈ పాత పాటలు అక్కరకొచ్చాయి. పాట అమ్ముడైనప్పుడల్లా రాసినవాడికి రాయల్టీ అని కొంత వాటా వస్తుంది. ‘రెలిక్స్’లో సిడ్ ఒక్కడే రాసినవి మూడు, బృందంతో కలిసి చేసినది ఇంకొకటి. 2001లో ‘ఎకోస్’ అని మరో సంకలనం వేశారు. అందులో అతని పాటలు అయిదు చేర్చారు. అతని వాటా అతనికి సరిగ్గా అందేలా గిల్మర్ శ్రద్ధ పెట్టాడు. 1970లో సిడ్ సొంతంగా చేసిన రెండు రికార్డులకి దగ్గరుండి సాయం చేసిందీ అతనే. చోటు తీసుకున్నవాడు ఆ మాత్రం చేశాడు. కంపెనీ లాభానికి వేసిన పులుసే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించిందన్నమాట. అందుకే ఇప్పుడు ఆ అట్టని నేను చవకరకం అనడం మానేశాను.

‘రెలిక్స్’లో ఆఖరి పాట ‘బైక్’. ఒక కుర్రాడు తన సైకిల్నీ ఇంకా ఏవేవో వస్తువుల్నీ ఒక అమ్మాయికి చూపించి మురిసే పాట. చివర్న గడియారాలు, గంటలు, బాతుల్లా కూసే ఏదో చప్పుడు. మా అబ్బాయి ఇప్పుడు తలుపు తీసే పెడతాడు, నేనూ వంటింట్లోంచి వింటాను.

సిడ్ 2006 జూలై 7న కేంబ్రిడ్జిలో కన్నుమూశాడు. అరవై ఏళ్ళు. ఆ నవంబరులో ఇంట్లో సామాన్లు వేలం వేస్తే దాదాపు 1,20,000 పౌన్లు వచ్చాయి. ఆ డబ్బు ఆ ఊరి చిత్రకళా విద్యార్థుల ఉపకార వేతనాలకని కేటాయించారు. వేలంలో కుర్చీలూ, పుస్తకాలూ, అతను బజారుకి తొక్కుకెళ్ళిన సైకిళ్ళు కూడా ఉన్నాయి.

సెలవు.